గంటకు ఎనభై మూడు లీటర్లు

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 10, ఆదివారం.

ప్రియమైన జ్యోతీ,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయలేదని తిట్టావు. ఫోన్లో నేను మాట్లాడను, నువ్వు ఆపవు. మీ డిస్టిలరీ గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారని రాశావు చూడు, అది చదివి నాకు చాలా సంతోషం కలిగింది. కాన్వెంటు హాస్టల్లో ప్రతి ఆదివారం సిస్టర్ మనల్ని కూర్చోబెట్టి ఇళ్ళకు ఉత్తరాలు రాయించేది కదా. మిగతా అమ్మాయిలు ఏడ్చేవాళ్ళు. నేను ఇంకో కాగితం అడిగేదాన్ని.

ఒక వార్త. కోచింగ్ సెంటర్లో ప్రశ్నపత్రాల తప్పులు దిద్దే ఉద్యోగం మానేశాను. ఎల్‌బీ నగర్‌లో సైదులు గారి కార్ల షెడ్డులో చేరి రెండు నెలలైంది. ఏ కారుకు ఏం పని చేశారో జాబ్ కార్డుల్లో రాయడానికి తీసుకున్నారు. ఒకరోజు ఇంజన్‌ను సరిచేసే కంప్యూటర్ ఒకటి వచ్చింది, దాంతో మూడు వందల పేజీల ఇంగ్లిష్ మాన్యువల్. ఎవరూ తెరవలేదు. ఇంటికి తెచ్చుకుని వారంలో చదివాను. మొదట్లో పాత్రలెవరో అర్థం కాలేదు, సగానికి వచ్చాక వదలబుద్ధి కాలేదు. ఇప్పుడు లాప్‌టాప్ పెట్టుకుని కార్ల పక్కన కూర్చుంటున్నాను.

అమ్మకు ‘ఆటోమొబైల్ ఆఫీసు’ అని చెప్పాను. అబద్ధం కాదు. షెడ్డులో ఒక బల్ల ఉంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది మహిపాల్ గారి కారు. చంపాపేట్‌లో లారీలు నడుపుతారు. పదిహేనేళ్ళ పాత సెడాన్‌కు సూపర్‌చార్జర్ పెట్టించారు. అంటే ఇంజన్ బెల్టుతోనే తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి తోసే పంకా అనుకో. నవంబరు రెండున నాదర్‌గుల్ దాటాక ఒక ప్రైవేటు రన్‌వే మీద కార్ల క్లబ్బు వాళ్ళు పరుగులు పెడుతున్నారు. అక్కడ ఈయనకూ, ఈయన అక్క భర్త జగన్ గారికీ పందెం. మూడు పరుగుల్లో అన్నిటికంటే తక్కువ టైము లెక్క. ఓడినవాళ్ళు ఏడాది పాటు ప్రతి ఆదివారం గెలిచినవాళ్ళ కారు కడగాలి.

సైదులు గారు నాతో ఒకే మాట అన్నారు: “సింధమ్మా, గీ కారు పొయ్యి దాని కాళ్ళ మీద అది తిరిగొస్తే ఆ లాప్‌టాప్ కుర్చీ నీదే. బండి మీద ఎక్కించుకొని తెస్తే మళ్ళ జాబ్ కార్డులే.”

తల ఊపాను.

నీ
సింధు

—

డిస్టిలరీ క్వార్టర్స్, జహీరాబాద్ దగ్గర,
ఆగస్టు 24.

ఏమే సింధూ,

తల ఊపిందట! కనీసం “సరే” అనొచ్చు కదా, రెండక్షరాలే. నీ నోట్లో ముత్యాలేమన్నా దాచుకున్నవా?

పోనీ, నాకు మాత్రం భలే గర్వంగా ఉంది. మా ల్యాబులో పది మందికి చెప్పాను, నా దోస్తు కార్లకు డాక్టరని. మా సూర్యప్రభ మేడం “ఆడపిల్లకు గ్రీజు మరకలు పోతాయా?” అని అడిగింది. మరకల దాకా ఎక్కడిది మేడం, దానికి కంప్యూటర్ తెర మీద వేలి ముద్ర పడితేనే పరేషాన్ అన్నాను.

నా సంగతి ఎప్పటిదే. పొద్దున్నే డిస్టిలేషన్ గొట్టాల నుంచి సీసాల్లో నమూనా పట్టాలి, ఎంత శుద్ధి ఉందో చూడాలి, రాయాలి. వాసన జుట్టుకు పట్టింది. మొన్న ఊరికి పోతే మా అమ్మమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, వెంటనే దూరం జరిపి, “ఏం తాగినవే?” అంది. ఇథనాల్ అమ్మమ్మా, కార్లు తాగేది అంటే నమ్మలేదు.

అన్నట్టు ఆ పందెంలో ఆడబిడ్డ, అదే జగన్ గారి భార్య, ఎవరి పక్షం? తమ్ముడి పక్షమా మొగుడి పక్షమా? కారు సంగతి తర్వాత, ముందు అది రాయి.

నీ జ్యోతి

—

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబరు 14.

ప్రియమైన జ్యోతీ,

ఆవిడ ఎవరి పక్షమూ కాదు. ఎవరు ఓడినా ఇంటి ముందు ఒక కారు శుభ్రంగా ఉంటుందట.

కార్లు తాగేది అన్నావు. మాదీ అదే తాగబోతోంది. గాలి ఎక్కువ తోసేకొద్దీ పెట్రోల్ తొందరపడి ముందే అంటుకుంటుంది, ఇంజన్‌ను లోపల్నుంచి కొడుతుంది. ఇథనాల్ ఓపికైనది. చల్లగా, తన సమయానికి మండుతుంది. అందుకని బెంగళూరులో రేసు ఇంధనం అమ్మేవాళ్ళ దగ్గర బిల్లుతో, సీలు వేసిన డబ్బాల్లో ఇథనాల్ తెప్పిస్తున్నారు. సగం అది, సగం పెట్రోల్ కలపాలని నిర్ణయం.

కానీ ఇథనాల్‌కు ఆకలి ఎక్కువ. అదే గాలికి పెట్రోల్ కంటే బాగా ఎక్కువ పోయాలి. అన్ని కార్లలోనూ ఇంజన్ గురించే మాట్లాడతారు, ట్యాంకులో మునిగి ఉన్న పంపు గురించి ఎవరూ అడగరు. పంపు ఇవ్వగలిగినంతే ఇంజన్ తాగగలదు. తక్కువైతే లోపల వేడి పెరిగి పిస్టన్ కరిగిపోతుంది. రెండు మూడు సెకన్లు చాలు.

మహిపాల్ గారు ఇంకా గాలి కావాలన్నారు. సూపర్‌చార్జర్‌కు చిన్న పుల్లీ వేస్తే అది ఇంకా వేగంగా తిరుగుతుంది. “ఏయొచ్చా?” అని అడిగారు, నన్ను కాదు, సైదులు గారిని. సైదులు గారు నా వంక చూశారు.

ఇంటికి వచ్చి లెక్క కట్టాను. చిన్న పుల్లీతో, సగం ఇథనాల్‌తో గంటకు ఎనభై మూడు లీటర్లు కావాలి. పంపును విడిగా తీసి, అంత ఒత్తిడి మీద ఒక నిమిషం డబ్బాలోకి పట్టి కొలిచాం. గంటకు ఎనభై ఎనిమిది ఇస్తోంది. అయిదు లీటర్లు మిగులు. జాబ్ కార్డు మీద ‘సరిపోతుంది’ అని రాసి సంతకం పెట్టాను.

పుల్లీ వేసేశారు. మహిపాల్ గారు ఆ కార్డుకు ఫోటో తీసి వాళ్ళ బావకు పంపారు. నా సంతకం మీర్‌పేట్‌లో ఆ బావ గారింటి దాకా వెళ్ళింది.

సింధు

—

డిస్టిలరీ క్వార్టర్స్,
సెప్టెంబరు 28.

సింధూ తల్లీ,

నీ సంతకానికి జై. నేను పుట్టాక ఏ కాగితం మీద సంతకం పెట్టినా అది మా మేనేజర్ బల్ల దాటి పోలేదు.

ఇక్కడ బతుకమ్మ సందడి. క్వార్టర్స్‌లో ఇరవై మందిమి, పూలు మాత్రం యాభై మందికి సరిపోయేటన్ని. సూర్యప్రభ మేడం పాట అందుకుంటే ఎవరూ ఆపలేకపోయాం. మధ్యలో సైరన్ మోగింది, ట్యాంకర్ వచ్చిందని. పట్టుచీర మీదే ల్యాబుకు ఉరికాను. పండగా లేదు పబ్బమూ లేదు, రోజుకు ఎన్నో ట్యాంకర్లు నింపుతున్నాం. ఎక్కడికి పోతాయని అడుగు? నూనె కంపెనీల డిపోలకు. నూరు లీటర్ల పెట్రోల్‌లో ఇరవై లీటర్లు ఇదే కలిపి మీ బంకులకు పంపుతారు. అంటే నువ్వు దిల్‌సుఖ్‌నగర్‌లో స్కూటీకి పోయించుకున్నప్పుడల్లా అయిదో వంతు నా చెమట. నన్ను తలుచుకుంటూ నడుపు, బ్రేకు మీద చేయి పెట్టుకుని.

నీ జ్యోతి

—

దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 5.

ప్రియమైన జ్యోతీ,

నీ ఉత్తరం మూడో తేదీన వచ్చింది. చదివి అలాగే కూర్చుండిపోయాను. అమ్మ చూసి ఎవరికేమైందని అడిగింది.

బంకు పెట్రోల్‌లో నూటికి ఇరవై వంతులు ఇథనాల్ ఉంటుంది. బంకులో పంపు మీద అంత పెద్ద స్టిక్కర్ ఉంది, రోజూ దాని ముందే స్కూటీ ఆపుతాను. నా మాన్యువల్ రాసినవాళ్ళ దేశంలో పెట్రోల్ అంటే పెట్రోలే. నేను పుస్తకం నమ్మి లెక్క కట్టాను. సగం సగం కలిపితే మనకు వచ్చేది సగం ఇథనాల్ కాదు, నూటికి అరవై. ఇంజన్‌కు ఎనభై మూడు కాదు, ఎనభై ఏడు లీటర్లు కావాలి. మిగులు ఒక్క లీటరు.

ఆ రోజు పొద్దుననే షెడ్డులో ముప్ఫై లీటర్లు కలిపి ఉంచారు. మర్నాడు ఇంకో పది లీటర్ల పెట్రోల్ పోయించాను. ఇప్పుడది సరిగ్గా సగం. ఎందుకని ఎవరూ అడగలేదు.

తప్పు సరిదిద్దాను. అంతా బాగానే ఉంది.

సింధు

—

డిస్టిలరీ క్వార్టర్స్,
అక్టోబరు 12.

సింధూ,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. నాకు నచ్చలేదు.

నువ్వు ఎప్పుడూ ఎవరేమన్నారో రాస్తావు. సైదులు గారు ఇట్ల అన్నారు, మహిపాల్ గారు అట్ల అన్నారు. ఈ ఉత్తరంలో మీ అమ్మ తప్ప ఒక్కరూ మాట్లాడలేదు. పది లీటర్లు పోయించావు, ఎవరికీ చెప్పలేదు. సరే, నీ తప్పు, నువ్వే దిద్దుకున్నావు, నేను ఏమీ అనను.

కానీ ‘అంతా బాగానే ఉంది’ అని రాశావు చూడు. పదో తరగతి లెక్కల పరీక్షలో ఒక లెక్క తప్పిందని తెలిసి, నువ్వు మొత్తం పేపరు మొదటి నుంచి మళ్ళీ చేశావు. గంట కొట్టినా సిస్టర్ చేతికి ఇవ్వలేదు. అట్లాంటిదానివి, ఒక అంకె తప్పాక మిగతా అంకెలు మళ్ళీ చూసుకోకుండా ఉన్నావంటే నేను నమ్మను. చూసుకున్నావు. ఏదో కనిపించింది. నాకు రాయలేదు.

ఏందే అది?

జ్యోతి

—

దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 26.

ప్రియమైన జ్యోతీ,

కనిపించింది.

పంపు కొలిచిన రోజు సంగతి. మా షెడ్డులో బ్యాటరీ పాతది. అందుకని ఏది పరీక్షించినా గోడకున్న చార్జర్ తగిలించి పరీక్షిస్తారు. అది అక్కడి అలవాటు, ఎవరూ దాన్ని చూడను కూడా చూడరు, గోడ మీది క్యాలెండర్‌లాగా. ఆ చార్జర్ ఉన్నప్పుడు కరెంటు గట్టిగా వస్తుంది, పంపు ఉత్సాహంగా తిరుగుతుంది. కారులో, పూర్తి వేగంలో, ఫ్యాను తిరుగుతూ ఉండగా అంత కరెంటు రాదు. సైదులు గారు భోజనానికి వెళ్ళినప్పుడు చార్జర్ తీసేసి, కారులో వచ్చేంత కరెంటు మీదే పంపును మళ్ళీ కొలిచాను.

ఎనభై.

కావలసింది ఎనభై మూడు. పెట్రోల్ కలిపితే తీరే లోటు కాదు. పెద్ద పంపు తెప్పించడానికి నెల పడుతుంది. ఉన్న దారి ఒక్కటే, పాత పెద్ద పుల్లీ మళ్ళీ వేయడం. దానికైతే డెబ్బై రెండు చాలు. కానీ పుల్లీ ఎవరికీ చెప్పకుండా మార్చలేం. మహిపాల్ గారికి చెప్పాలి. నేను రాసింది తప్పని, పందెం పోవచ్చని.

రెండు వారాలు చెప్పలేదు. ఎనభై సరిపోవచ్చేమో అనుకున్నాను. పరుగు పన్నెండు సెకన్లేగా అనుకున్నాను. ఆ పన్నెండులో రెండు చాలని నీకు రాసింది నేనే. ఒకరోజు చీటీ రాసి జాబ్ కార్డు కింద పెట్టాను. సాయంత్రం నేనే తీసేశాను. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఇంకో వారం బ్యాగులో మోసుకు తిరిగాను.

నిన్న శనివారం మహిపాల్ గారు ఆఖరి పరీక్షకు వచ్చారు. షెడ్డులో ఆరుగురు మగవాళ్ళు. నేను లేచి నిలబడ్డాను.

“చిన్న పుల్లీ తీసేయాలి” అన్నాను.

మెకానిక్ జంగయ్య చేతిలోంచి పానా కింద పడింది. అయిదు నెలల్లో నా గొంతు వినడం అతనికి అదే మొదలనుకుంటా.

“గీ పిల్ల మాట్లాడ్తదా!” అన్నాడు.

“ఊకోవోయ్” అన్నారు సైదులు గారు. “ఏందమ్మా? మళ్ల చెప్పు.”

చెప్పాను. పంపు ఎనభై లీటర్లే ఇస్తుందని. చార్జర్ సంగతి. పెట్రోల్ సంగతి కూడా, అది ఎవరూ అడగకపోయినా.

మహిపాల్ గారి ముఖం ఎర్రబడింది. “ఏంది చెల్లె, నువ్వే గద రాసిచ్చినవ్ సరిపోతదని? నీ సంతకం మా బావ ఫోన్ల ఉన్నది!”

“రాసింది తప్పు.”

“తప్పంటే? వారం రోజులున్నది పరుగు. మా బావ ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?”

“ఇజ్జత్ మళ్ళీ వస్తుందండీ. పిస్టన్ రాదు.”

నేనే అన్నానా అని నాకే అనుమానం. ఎవరో నవ్వారు. మహిపాల్ గారు నవ్వలేదు. “సైదులన్నా, నువ్వు చెప్పు. ఈమె చెప్పినట్టు చెయ్యాల్నా, నేను చెప్పినట్టు చెయ్యాల్నా?”

సైదులు గారు గోడకున్న చార్జర్ వంక చూశారు. “ఆ చార్జర్ పెట్టింది నేను” అన్నారు. “పదేండ్ల సంది పెడ్తున్న. ఇయ్యాల్టి దాక ఎవ్వడు అడగలే.” తర్వాత జంగయ్యతో, “చిన్న పుల్లీ తీసి పాత పెద్దది ఎయ్యి” అన్నారు.

మహిపాల్ గారు నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. ఇప్పుడు ఆకలి వేస్తోంది.

సింధు

—

డిస్టిలరీ క్వార్టర్స్,
అక్టోబరు 30, స్పీడు పోస్టులో.

ఒసేయ్ ఒసేయ్ ఒసేయ్!

ల్యాబులో గట్టిగా చదివి వినిపించాను. ‘పిస్టన్ రాదు’ దగ్గర సూర్యప్రభ మేడం చప్పట్లు కొట్టింది. సీసా పగిలింది. అది నీ ఖాతాలోకే.

అలిగి పోయినోళ్ళు అలగనీ. ఆదివారం నువ్వు అక్కడ ఉండాలి. షెడ్డులో దాక్కుంటే ఊరుకోను. ఏమైందో, ఎవరేమన్నారో, ఒక్క మాట కూడా వదలకుండా రాయి.

జ్యోతి

—

ఎల్‌బీ నగర్, షెడ్డులో నా బల్ల మీద,
నవంబరు 10, సోమవారం.

ప్రియమైన జ్యోతీ,

ఓడిపోయాం.

వెళ్ళాను. ఎండ బాగా ఉంది. పైన శిక్షణ విమానాలు తూనీగల్లా తిరుగుతున్నాయి. మహిపాల్ గారు నాకు కుర్చీ వేయించారు గానీ పలకరించలేదు. జగన్ గారు మాత్రం దూరం నుంచి, “ఏం బావమర్దీ, సరిపోతదా?” అని అరుస్తూనే ఉన్నారు.

మొదటి పరుగు జగన్ గారిది. రెండోది కూడా. మూడోది మధ్యాహ్నం రెండింటికి. అప్పటికి ట్యాంకులో ఇంధనం కూడా వేడెక్కింది. మహిపాల్ గారు బాగా నడిపారు. అర సెకను తేడాతో పోయింది.

కారు తిరిగి వచ్చాక లాప్‌టాప్ తగిలించి పరుగు రికార్డు తెరిచాను. మహిపాల్ గారు హెల్మెట్ చేత్తో పట్టుకుని నా వెనకాల నిలబడ్డారు. ఇంధనం ఒత్తిడి గీత తెర మీద తిన్నగా వెళ్ళింది, వెళ్ళింది, ఆఖరి సెకనులో కొంచెం కిందికి వంగింది. వెంట్రుకంత.

“అదేంది?” అన్నారు. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట.

“పంపు అలసిపోయిందండీ.”

“పెద్ద పుల్లీకే?”

“ఎండకు. నేను అనుకున్న దానికంటే ఎక్కువ వేడెక్కింది.”

“మరి చిన్నది ఉండుంటే?”

“సగం దూరంలో ఆ గీత పడిపోయేది.”

“నేను ఆక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకపోదును” అన్నారు. నాకు కాదు, తనకే చెప్పుకున్నట్టు. తర్వాత కారు దగ్గరికి వెళ్ళి బానెట్ మీద కాసేపు చేయి పెట్టి నిలబడ్డారు. ఆ కారు వాళ్ళ నాన్న గారు మొదట కొన్నదట. అప్పుడే తెలిసింది నాకు. అందుకే కొత్తది కొనకుండా దీన్నే ఇంత చేశారు. ముందే తెలిసుంటే మూడు వారాలు చెప్పకుండా ఉండేదాన్ని కాదు. తెలియకపోయినా ఉండకూడదు, అది వేరే సంగతి.

కారు తన చక్రాల మీదే ఎల్‌బీ నగర్ వచ్చింది. మర్నాడు వచ్చి చూస్తే లాప్‌టాప్ దగ్గర కొత్త కుర్చీ, గోడ దగ్గర కొత్త బ్యాటరీ ఉన్నాయి. చార్జర్ మాత్రం కనిపించలేదు. జంగయ్యను అడిగితే, “నీకు భయపడి దాసిండు” అన్నాడు.

నిన్న ఆదివారం మహిపాల్ గారు మీర్‌పేట్ వెళ్ళి బావ కారు కడిగారు. కడుగుతూ మొత్తం చెప్పారట: పెట్రోల్, చార్జర్, పంపు, గీత. జగన్ గారు గుమ్మంలో టీ తాగుతూ నవ్వుతూ విన్నారట. సగం టీకి నవ్వు ఆగిపోయిందట. ఆయన కారుకు పంపు ఎంత ఇస్తుందో ఆయనకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఇది రాస్తుండగానే బయట ఒక కారు ఆగింది. చాలా శుభ్రంగా ఉంది. జగన్ గారు దిగారు, వెనక నుంచి మహిపాల్ గారు.

“సైదులన్నా, వద్దు అనే పిల్ల ఏది? నా బండికి ఏమేం వద్దో జర చెప్పుమను” అంటున్నారు.

“గక్కడ ఉన్నది, నువ్వే అడుగు” అంటున్నారు సైదులు గారు.

ఏడుగురు నా వంక చూస్తున్నారు. జంగయ్య పానా కింద పెట్టేశాడు, ముందు జాగ్రత్తగా.

వెళ్ళి మాట్లాడి వస్తాను.

నీ
సింధు